కొత్త ఆరంభములు

చదరంగమున కొంత నేర్పు సంపాదించిన బాలబాలికలకు ఒకనాడు ఒక సందేహము కలుగును. పావుల నడక తెలిసినది. ఎదుటివాని ఎత్తును ముందుగా ఊహించుట కొంత అలవడినది. ఆట మొదలుపెట్టుటకు ఒక పద్ధతి చేతికి వచ్చినది. ఇక ఆ పద్ధతినే పట్టుకొని సాధన చేయవలెనా, లేక ఎఱుగని కొత్త ఆరంభములలో అడుగు పెట్టవలెనా? ఈ ప్రశ్నకు పెద్దలు రెండు విధముల సమాధానము చెప్పుచుందురు. ఒక్కటే నేర్చుకొనుము, దానినే చక్కగా నేర్చుకొనుము అని కొందరందురు. నూతిలోని కప్పవలె ఉండక నాలుగును చూడుమని మఱికొందరందురు. రెండు మాటలలోను సత్యమున్నది. అయితే ఏ మాట ఎవరికి, ఎప్పుడు వర్తించునో తెలియనిచో రెండును చెఱుపే చేయును.

ఆరంభమనగా ఏమో ముందు తెలిసికొనవలెను. చదరంగపు బల్లపై 64 గళ్ళు, ఇరుపక్షములకును కలిపి 32 పావులు ఉండును. తెల్లపావులవాడు తన మొదటి ఎత్తును 20 విధముల వేయవచ్చును. ఎనిమిది బంట్లలో ఒక్కొక్కదానిని ఒక గడియో రెండు గళ్ళో జరుపవచ్చును గనుక అవి 16. రెండు గుఱ్ఱములను ఒక్కొక్కదానిని రెండు చోట్లకు దూకింపవచ్చును గనుక అవి 4. నల్లపావులవానికిని అట్లే 20 దారులు కలవు. ఇరువురును చెరియొక ఎత్తు వేయునప్పటికే ఆట 400 విధములుగా మాఱగలదు. చెరిరెండు ఎత్తులు వేయునప్పటికి ఆ సంఖ్య 1,97,281 అగును. ఇట్టి మహారణ్యములో శతాబ్దుల తరబడి ఆటగాండ్రు నడచి నడచి ఏర్పఱచిన కాలిబాటలే ఆరంభములు.

ఈ బాటలకు పేర్లును, చరిత్రయు కలవు. 1561లో చదరంగముపై గ్రంథము వ్రాసిన రూయ్ లోపెజ్ అను స్పెయిన్ దేశపు మతాచార్యుని పేర ఒక ఆరంభము నేటికిని ఆడబడుచున్నది. 1834లో లండన్, పారిస్ నగరముల ఆటగాండ్రు ఉత్తరములద్వారా ఆట ప్రారంభించినప్పుడు పారిస్ వారు వాడిన రక్షణకు ఫ్రెంచి రక్షణ అని పేరు వచ్చెను. భారతదేశమునకును ఇందు భాగమున్నది. పూర్వము దేశీయపద్ధతిలో బంటును మొదటి ఎత్తుననైనను ఒక్క గడియే జరుపుదురు. ఆ అలవాటు గల వంగదేశీయుడు మహేశచంద్ర బెనర్జీ పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలమున కలకత్తాలో జాన్ కాక్రేన్ అను స్కాట్లండు దేశీయునితో అనేక పర్యాయములు ఆడెను. నడిమి గళ్ళను బంట్లతో ఆక్రమించుటకు తొందరపడక, దూరమునుండి పావులతో వానిని అదుపులో నుంచుట ఆయన పద్ధతి. నేడు ఇండియన్ రక్షణలు అని ప్రపంచమంతటను వ్యవహరింపబడు ఆరంభములకు ఆ పేరు ఆ ఆటలనుండియే వచ్చినది. ఒకనాటి ఇంటి అలవాటు మఱియొకనాడు లోకమునకు కొత్తదారి యైనది.

ఇక ప్రశ్నను నేలమీదికి తీసికొనిరావలెను. హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారివెంట జగ్గయ్యపేట, నందిగామ అను రెండు పట్టణములు కలవు. ఇవి చిరకాలము కృష్ణాజిల్లా మెట్టప్రాంతముగా పేరుపడి, 2022లో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట ఎన్‌టీఆర్ జిల్లాలో చేరినవి. ఇట్టి పట్టణములోని విద్యార్థికి చదరంగము నేర్చుకొనుటలో ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. మహానగరమున వారమువారము కొత్త ముఖము ఎదురగును. ఒకడు ఒక ఆరంభము నాడిన, మఱియొకడు వేఱొకటి ఆడును. చిన్న ఊరిలో అట్లు కాదు. ఆడెడివారు నలుగురో అయిదుగురో. వారు ఎప్పుడును ఒకే విధముగ మొదలుపెట్టుదురు, ఒకే విధముగ బదులు చెప్పుదురు.

జగ్గయ్యపేటలో ఎనిమిదవ తరగతి చదువు ఒక బాలికను ఊహింపవచ్చును. ఆమె తన అన్నతోను, ఇద్దరు సహాధ్యాయినులతోను, సాయంకాలములందు పొరుగింటి తాతగారితోను ఆడును. ఆమె రాజుబంటును రెండు గళ్ళు జరుపును, వారును జరుపుదురు. ఆమె శకటమును నాలుగవ వరుసకు తెచ్చి, ఎదుటి రాజు తప్ప వేఱు అండలేని బంటుపై గుఱి పెట్టును. వారు దానిని కాచుకొందురు. రెండేండ్లు ఇట్లే గడచును. పిమ్మట ఆమె పోటీకై విజయవాడ పోవును. అచట ఎదుట కూర్చున్న బాలుడు రాజుబంటును ఒక్క గడియే జరుపును. ఆమె అలవాటుచొప్పున రెండవ ఎత్తుననే శకటమును ఎప్పటి గడికే తెచ్చును. అంతట నల్లపక్షపు మంత్రిబంటు రెండు గళ్ళు దూకి, వెనుకనున్న రాజుబంటు అండతో, అటు శకటమును ఇటు తెల్లబంటును ఒకేసారి బెదిరించును. రెండేండ్లు అక్కఱకు వచ్చిన శకటము అచట వెనుదిరిగి పోవలసి వచ్చును. ఆ బాలికకు తెలివి తక్కువ కాదు. శ్రద్ధయు తక్కువ కాదు. ఆమె చూచిన లోకమే చిన్నది.

కావున చిన్న ఊరి ఆటగానికి వైవిధ్యము ఎదుటివారివలన రాదు, తానే తెచ్చుకొనవలెను. కొత్త ఆరంభముల పక్షమున చెప్పదగిన వాదములలో ఇదియే బలమైనది. ఆరంభము మాఱినచో మొదటి ఎత్తులు మాత్రమే మాఱవు, ఆట స్వభావమే మాఱును. బంట్లు త్వరగా తొలగి దారులు తెఱచుకొన్న ఆటలో శకటములకు, ఏనుగులకు బలము హెచ్చు. బంట్లు ఎదురెదురుగా బిగిసికొని గోడలవలె నిలిచిన ఆటలో వానిమీదుగా దూకగల గుఱ్ఱమునకు విలువ హెచ్చు. తెఱచిన ఆటలనే ఆడినవాడు గుఱ్ఱమును తొందరపడి మార్పిడి చేసికొనును. బిగిసిన ఆటలనే ఆడినవాడు దాడికి తగిన క్షణమును జాఱవిడుచును. రెండును కొంతకొంత రుచి చూచినవానికే పావుల నిజమైన విలువ తెలియును.

అయినను ఎదుటి పక్షమువారి మాటను తేలికగా త్రోసివేయరాదు. ఆరంభముల జ్ఞానము తక్కువైనను గొప్ప ఆటగాడు కావచ్చుననుటకు మీర్ సుల్తాన్ ఖాన్ జీవితమే నిదర్శనము. పంజాబునందు పుట్టి దేశీయపద్ధతి చదరంగము నాడుచు పెరిగిన ఆయన, పాశ్చాత్యనియమములను యౌవనమునగాని నేర్చుకొనలేదు. ఆరంభ గ్రంథములతో ఆయనకు పరిచయము స్వల్పము. అయినను 1929లో ఇంగ్లండునకు పోయి ఆ యేటనే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యెను. 1932, 1933 సంవత్సరములలో మరల గెలిచెను. హేస్టింగ్స్ నగరమున 1930–31 చలికాలపు పోటీలో, అంతకు మునుపు ప్రపంచ ఛాంపియన్ అయిన కాపాబ్లాంకాను ఓడించెను. ఆయన బలమంతయు నడిమి ఆటలోను, ముగింపు ఆటలోను ఉండెను. ఆరంభమున కొంత వెనుకబడినను, ఓపికతో తరువాత ఆ లోటు పూడ్చుకొనెడివాడు. మొదటి పది ఎత్తులనే విద్యయంతయు అని భ్రమించువారు ఈ మహనీయుని జ్ఞాపకముంచుకొనవలెను.

తెలుగు నేలపైనే రెండు దారులకును ఉదాహరణములు కలవు. కృష్ణాజిల్లా గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపి తండ్రి కోనేరు అశోక్ గారి శిక్షణలో పెరిగి, 2002లో 15 ఏండ్ల ప్రాయమున గ్రాండ్‌మాస్టరు బిరుదము పొందెను. అప్పటికి అంత పిన్నవయస్సున ఆ బిరుదము నందిన స్త్రీ వేఱొకరు లేరు. 2019లోను, 2024లోను ఆమె ప్రపంచ ర్యాపిడ్ పోటీలో విజేత యయ్యెను. తెల్లపావులతో ఆడునప్పుడు మంత్రి ముందటి బంటును కదుపు ఆరంభములయందు ఆమెకు చిరకాలముగా మక్కువ. ఒక నేలను లోతుగా దున్నిన ఫలితము ఆమె ఆటలో కానవచ్చును. వరంగల్లువాడైన ఎరిగైసి అర్జున్ దారి వేఱు. 2003లో జన్మించిన ఆ యువకుడు పలురకముల ఆరంభములను నిర్భయముగా ఆడుటకు పేరుపడినవాడు. 2024 డిసెంబరు నాటి ప్రపంచ జాబితాలో 2800 పాయింట్లు దాటెను. ఇరువురును శిఖరముల కెక్కినవారే. కావున ఈ దారియే సరి, ఆ దారి తప్పు అని శాసించుటకు వీలులేదు.

మహాక్రీడాకారులు తమ దారిని మార్చుకొన్న సందర్భములును కలవు. అమెరికా దేశస్థుడైన బాబీ ఫిషర్ తెల్లపావులతో దాదాపు ఎల్లప్పుడును రాజుబంటునే రెండు గళ్ళు జరిపెడివాడు. 1972లో ఐస్‌లాండ్ రాజధాని రెయిక్యవిక్‌లో బోరిస్ స్పాస్కీతో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్పు ఆరవ ఆటలో ఆయన ఆ అలవాటు విడిచి మంత్రివైపు శకటము ముందటి బంటును కదిపి, పిదప మంత్రిబంటు ఆరంభములోనికి మళ్ళెను. ఆ ఆటను ఎంత నిర్దోషముగ గెలిచెననిన, ఓడిన స్పాస్కీయే ప్రేక్షకులతో కలిసి చప్పట్లు కొట్టెను. 2008లో బాన్ నగరమున విశ్వనాథన్ ఆనంద్ గారును ఇట్టి సాహసమే చేసెను. చిరకాలము రాజుబంటును నమ్ముకొన్న ఆయన, వ్లాదిమిర్ క్రామ్నిక్‌తో జరిగిన పోటీలో మంత్రిబంటును ముందునకు పంపి, 6½–4½ పాయింట్లతో తన ప్రపంచ బిరుదమును నిలుపుకొనెను.

ఈ కథలు వినిన బాలుడు, ఫిషర్ మార్చినాడు గనుక తానును రేపటినుండి మార్చెదనని బయలుదేరుట సులభము. ఇక్కడనే జాగరూకత వలయును. ఫిషర్ 1958లోనే, 15 ఏండ్ల ప్రాయమున, గ్రాండ్‌మాస్టరు అయినాడు. ఆరవ ఆట నాడునాటికి ఆయన పదునాలుగేండ్ల గ్రాండ్‌మాస్టరు. ఆనంద్ గారు సహాయకులతో నెలల తరబడి సాధన చేసి బరిలోనికి దిగెను. వారు పాత ఇల్లు పడగొట్టి వీథిలో నిలువలేదు. గట్టి పునాదిగల ఇంటికి మఱియొక గది కట్టుకొనిరి.

కొత్తదానిని వెదకుటకు కారణమేమని తన్ను తాను ప్రశ్నించుకొనుట విద్యార్థి మొదటి కర్తవ్యము. కారణము ఓటమినుండి పాఱిపోవుట యైనచో ఆ మార్పు వ్యర్థము. నందిగామలో ఒక బాలుడున్నాడనుకొనవచ్చును. అతడు ఇటాలియన్ ఆరంభము నాడి ఓడెను. అది మంచిది కాదని ఫ్రెంచి రక్షణ పట్టెను. దానితో ఓడి సిసిలియన్ రక్షణ పట్టెను. ఏడాది తిరుగునప్పటికి ఏడు ఆరంభముల పేర్లు అతనికి కంఠస్థము. ఆటలు వ్రాసికొన్న పుస్తకము విప్పిచూచినచో వేఱొక కథ కానవచ్చును. ఒక ఆటలో ఇరువదవ ఎత్తున మంత్రిని ఉత్తపుణ్యమునకు పోగొట్టుకొనెను. ఇంకొక ఆటలో ఏనుగు గెలుపు చేతిలో నుండగా తొందరపాటున ఎదుటివాని కదలికలన్నియు మూసివేసి, ఆటను సమము చేసికొనెను. ఆరంభములు చేసిన తప్పు అందు ఒక్కటియు లేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్లున్నది ఆ బాలుని వరుస.

మాఱకుండుటకును తప్పుడు కారణము కలదు. అది సులభవిజయముపై ఆశ. మంత్రిని, శకటమును కలిపి నాలుగవ ఎత్తుననే ఆట కట్టించు ఉపాయమొకటి ప్రతి పాఠశాలలోను ప్రచారములో నుండును. కొత్తవారిపై అది పాఱును. ఆ ఉపాయముతో పదిమందిని గెలిచిన బాలునికి దానిని విడుచుట కష్టము. కాని రక్షణ తెలిసినవాడు ఎదురైననాడు ముందుగా బయటపడిన ఆ మంత్రి ఎదుటి గుఱ్ఱముల తాకిడికి చోటు చోటు తిరుగవలసి వచ్చును. ఆ పది విజయములును అతనికి ఏమియు నేర్పలేదు. తెలిసినచోటనే తిరుగుచు గెలుచుచుండుట కూడ ఒక విధమైన భయమే.

మఱి సరియైన కారణమేది? తాను ఆడు ఆరంభము తనకు చూపని ఆటను చూడవలెనను కోరిక సరియైన కారణము. సరియైన సమయ మేది? పాత ఆరంభములోని ప్రతి ఎత్తునకు కారణము చెప్పగలిగిన సమయము. పుస్తకములో ఉన్నదనుటయు, చేతిలోని ఫోను చెప్పినదనుటయు కారణములు కావు. నేడు చదరంగపు కంప్యూటరు ఏ స్థితిలోనైనను మంచి ఎత్తును క్షణములో చూపగలదు. చూచినవాడు ఆ ఎత్తు నెఱిగినవా డగునుగాని, దాని వెనుకనున్న తలంపు నెఱిగినవాడు కాడు. బంటునెందుకు జరిపితివి, శకటము నచటనే ఎందుకుంచితివి, ఎదుటివాడు పుస్తకములో లేని ఎత్తు వేసిన ఏమి చేయుదువు అని తోటి విద్యార్థి అడిగినప్పుడు తడబడక చెప్పగలవాడే రెండవ ఆరంభమునకు అర్హుడు.

ప్రతి ఆరంభమునకును ఒక వెల కలదని కూడ గ్రహింపవలెను. ఫ్రెంచి రక్షణలో నల్లపావులవానికి గట్టి బంట్ల గోడ లభించును. కాని ఆ గోడయే అతని శకటములలో నొకదానిని లోపల బంధించును. ఆ శకటము నెట్లు బయటికి తేవలెనో తెలియనివానికి ఆ గోడ కోట కాదు, చెఱసాల. మంత్రిబంటు ఆరంభములలో దాడి నెమ్మదిగా సాగును. ఓపిక లేనివాడు అందు విసుగుచెందును. రాజుబంటు ఆరంభములలో దారులు త్వరగా తెఱచుకొనును. అజాగ్రత్తపరుడు అందు రాజును పోగొట్టుకొనును. వెల చెల్లింపక వస్తువు నింటికి తెచ్చుకొనదలచువాడు సంతలోను, చదరంగములోను మోసపోవును.

ఈ విషయమున మెట్టరైతు పద్ధతి విద్యార్థికి మంచి పాఠము. జగ్గయ్యపేట, నందిగామ మెట్టలలో వానను నమ్ముకొని సేద్యము చేయు కుటుంబములు నేటికిని ఎన్నియో కలవు. జొన్న, కంది మున్నగు పాతపంటలు పండిన చేలలోనికి పత్తి, మిరప వ్యాపించినవి. నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు కొంతభాగమునకు అందినది. తెలివిగల రైతు కొత్తవిత్తనము వచ్చినదని వినగానే ఉన్న పొలమంతయు దానికే అప్పగింపడు. తాతలు వేయలేదని దానిని ఆమడదూరమున నుంచడు. ఒక మూల అరయెకరమున చల్లి ఒక కాఱు చూచును. దాని వేరు తన నేలలో దిగునో లేదో, ఎన్ని తడులు కోరునో, ఏ పురుగు పట్టునో కనిపెట్టును. పత్తిసాళ్ళ నడుమ కందిసాళ్ళు వేసి, ఒకటి పోయినను ఒకటి నిలుచునట్లు చూచుకొనును. పాతదానిపై బ్రదుకుచు కొత్తదానిని పరీక్షించుట ఆతని నీతి.

చదరంగము నేర్చువాడును అట్లే చేయవలెను. మొదట తెల్లపావులకు ఒక ఆరంభము, నల్లపావులకు రాజుబంటునకు ఒక బదులు, మంత్రిబంటునకు ఒక బదులు, ఇంతే చాలును. వీనిని ఏడాదియైనను ఆడి, ఆడిన ప్రతి ఆటను పుస్తకములో వ్రాసికొని, ఓడిన ఆటలో మొదటి తప్పు ఎక్కడ జరిగినదో గుర్తింపవలెను. ఆ తప్పులు ఎక్కువగా పావులను అజాగ్రత్తగా పోగొట్టుకొనుటవలన కలుగుచున్నంతకాలము కొత్త ఆరంభము జోలికి పోనక్కఱలేదు. అవి తగ్గి, ఆట సమముగా సాగుచు, ఏమి చేయవలెనో తోచని స్థితులు ఎదురగుచున్నప్పుడు రెండవదానికి కాలము వచ్చినదన్నమాట. ఆ రెండవది మొదటిదానికి భిన్నమైన స్వభావము కలదై యుండవలెను. తెఱచిన ఆట నాడువాడు బిగిసిన ఆటను కోరుకొనవలెను. దానిని మొదట పోటీలలో కాక, మిత్రులతో, బడి విడిచిన తరువాతి ఆటలలో ప్రయోగింపవలెను. ఊరిలో కొత్తవారు లేనిచో ఉన్నవారే పక్షములు మార్చుకొని, ఈ వారము ఈ ఆరంభమే ఆడవలెనని నియమము పెట్టుకొనవచ్చును. నలుగురే యున్నను అప్పుడు ఆటలు నాలుగు విధములుగ నుండును.

దీనికి ఆక్షేపణ కలదు. పాఠశాలకును, ఇంటిపనులకును పోగా మిగిలెడి గంటలో ఒక్క ఆరంభమును నేర్చుకొనుటయే కష్టము; ఇక రెండవదియా? కొత్తది పట్టినచో కొన్నాళ్ళు ఓటములు తప్పవు. ఓటములవలన పాయింట్లు తగ్గును, ఉత్సాహమును తగ్గును. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. పోటీకి పోయివచ్చు బస్సు ఛార్జి సైతము లెక్కపెట్టుకొనవలసిన ఇంటి పిల్లలకు ఒక ఓటమి విలువ నగరవాసులకంటె ఎక్కువ. అందుచేతనే పోటీలో నమ్మదగిన పాతదానిని, ఇంటివద్ద కొత్తదానిని ఆడవలెననుట. కాని ఓటమి భయముచేత ఎన్నటికిని కొత్తది చూడనివాడు పద్నాలుగవ యేట ఆడిన ఆటనే ఇరువదవ యేటను ఆడుచుండును. పాయింట్లు నిలుచును, ఆటగాడు మాత్రము పెరుగడు. ఎనిమిదవ తరగతి బాలునికి పాయింట్లు కాపాడుకొను వయస్సు రాలేదు. పెరుగు వయస్సు వచ్చినది.

సమీపకాలపు ఒక గొప్ప పోటీ ఈ రెండు వాదములను చక్కగ సమన్వయించుచున్నది. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబమున 2006లో జన్మించిన దొమ్మరాజు గుకేశ్, 2024 నవంబరు, డిసెంబరు మాసములలో సింగపూరునందు చైనాదేశపు డింగ్ లిరెన్‌తో ప్రపంచ ఛాంపియన్‌షిప్పునకు పోరాడెను. మొదటి ఆటలో గుకేశ్ రాజుబంటును కదుపగా డింగ్ ఫ్రెంచి రక్షణతో ఎదుర్కొని నల్లపావులతోనే గెలిచెను. అంత గొప్ప వేదికపై మొదటి అడుగే ఓటమి. గుకేశ్ తరువాతి తెల్లపావుల ఆటలో మంత్రిబంటును కదిపి గెలిచెను. మఱియొకప్పుడు గుఱ్ఱముతో మొదలుపెట్టెను. అనగా పలుదారు లెఱిగియుండుట ఆయనకు అక్కఱకు వచ్చెను. అయితే ఓడిన దారిని ఆయన విడిచిపెట్టలేదు. అయిదవ ఆటలోను, పదుమూడవ ఆటలోను మరల రాజుబంటునే కదిపి, మరల అదే ఫ్రెంచి రక్షణ నెదుర్కొని, ఆ రెండు ఆటలను సమముగా ముగించెను.

కడపటిదైన పదునాలుగవ ఆట ఇంకొక పాఠము చెప్పినది. ఆట సమముగా సాగి, బలగములు చాలవఱకు తొలగి, ఇరువైపుల ఒక ఏనుగు, ఒక శకటము, కొన్ని బంట్లు మిగిలెను. ఏబదియైదవ ఎత్తున డింగ్ తన ఏనుగును తప్పుగడిలో నుంచెను. ఏనుగులు, శకటములు మార్పిడియై, మిగిలిన రాజుల, బంట్ల పోరులో నల్లపావుల గుకేశ్‌కు గెలుపు నిశ్చితమయ్యెను. డిసెంబరు 12వ తేదీన, 18 ఏండ్ల ప్రాయమున, ఆయన 7½–6½ పాయింట్లతో ప్రపంచ ఛాంపియన్ అయ్యెను. ఎన్నో ఆరంభములను సిద్ధముచేసికొని వచ్చిన ఇద్దరు మహావీరుల పోరాటము చివఱకు రాజు, బంట్లు ఎట్లు నడచునను చిన్ననాటి పాఠముచేత తేలినది. కావున విద్యార్థి కొత్త ఆరంభమునకు కేటాయించు కాలమును ముగింపు ఆట సాధననుండి మాత్రము తీసికొనరాదు.

వానకాలమున మున్నేరు పొంగినప్పుడు చప్టాలు మునిగి రాకపోకలు నిలిచిపోవును. అట్టి దినమున ఒక్కదారి మాత్రమే తెలిసినవాడు గట్టుపై కూర్చుండి నీరు తీయువఱకు వేచియుండును. చుట్టుదారి తెలిసినవాడు ఆలస్యముగానైనను ఊరు చేరును. అయితే ఆ చుట్టుదారిని వరదనాడు చీకటిలో వెదకుకొనువాడు వివేకి కాడు. ఎండకాలమున, తీరికగా ఉన్నప్పుడు, ఒకసారి నడచి చూచియుంచుకొన్నవాడు వివేకి. చదరంగము నభ్యసించు బాలబాలికలు తాము నిత్యము నడచు బాటను మఱువక, ఏడాదికొక కొత్తబాటను తీరికవేళ నడచి చూచుట మేలు.